దిశ తెలిసిన వెలుగు: ధ్రువిత ఫోటాన్లు, మెసాన్ల జననం

ఉయ్యూరు అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది చెరకు. కె.సి.పి. చక్కెర కర్మాగారం మూలంగా ఈ ఊరి పేరు రాష్ట్రమంతటా పరిచితమైనది. చెరకు బండి తూకం ఎంత పడినదో రైతు కన్నులారా చూడగలడు. కాని ఆ చెరకు రసంలో చక్కెర పాలు ఎంత ఉన్నదో కంటికి కనబడదు. నాలుకకు తెలిసే తీపి కొలత కాదు. అందుచేత చక్కెర కర్మాగారాల ప్రయోగశాలల్లో ఒక పద్ధతిని అవలంబిస్తారు. రసాన్ని తేటపరచి, వడకట్టి, రెండు కొనలా గాజు బిళ్ళలు బిగించిన పొడవైన గొట్టంలో పోస్తారు. ఆ గొట్టం గుండా ఒక ప్రత్యేకమైన వెలుగును పంపుతారు. ఆ వెలుగు బయటికి వచ్చేసరికి ఎంత కోణం తిరిగినదో కొలిచి, దానిని బట్టి చక్కెర పాలును లెక్కగడతారు. ఆ సంఖ్యకు చక్కెర పరిశ్రమలో ‘పోల్’ అని పేరు. కొలిచే పరికరం పేరు పోలారిమీటరు.

ఆ ప్రత్యేకమైన వెలుగే ధ్రువిత కాంతి. చెరకు రసాన్ని పరీక్షించే ఈ జాతి వెలుగునే, దాని శక్తిని కొన్ని వందల కోట్ల రెట్లు హెచ్చించి, శాస్త్రజ్ఞులు ప్రోటాను మీద ప్రయోగించారు. ఆ తాకిడిలో మెసాన్లు అనే అల్పాయుష్క కణాలు పుడతాయి. అవి ఏ వైపుకు ఎగురుతాయో లెక్కించి, ప్రోటాను సమీపంలో కంటికి కనబడక జరిగిన వ్యవహారం ఏమిటో ఊహించగలిగారు. దిశ తెలియని వెలుగుతో ప్రశ్నిస్తే ‘ఎన్ని’ అన్నదానికే సమాధానం వస్తుంది. దిశ తెలిసిన వెలుగుతో ప్రశ్నిస్తే ‘ఏ విధంగా’ అన్నదానికి కూడా సమాధానం వస్తుంది. ఈ వ్యాసంలో మేము వివరింపదలచిన విషయం ఇదే.

ధ్రువణం అనగా నేమి?

బావి చేదతాడు ఒక కొనను గుంజకు కట్టి, రెండవ కొనను చేతితో పట్టుకొని ఊపినామనుకొనండి. చేతిని పైకి కిందికి ఊపితే తాడులో పుట్టే అల నిలువుగా కదులుతుంది. పక్కలకు ఊపితే అడ్డంగా కదులుతుంది. తాడును కిటికీ నిలువు ఊచల నడుమ నుంచి పోనిస్తే నిలువు అల సాగిపోతుంది, అడ్డపు అల ఊచలకు తగిలి ఆగిపోతుంది. కాంతి కూడా ఇట్టి అడ్డకంపనమే. దానిలో కంపించేది విద్యుత్ క్షేత్రం. సూర్యకాంతిలోను, దీపపు వెలుగులోను ఈ కంపనం అన్ని దిశలలోను కలగాపులగంగా ఉంటుంది. ఒకే తలంలో కంపించే కాంతిని ధ్రువిత కాంతి అంటారు.

1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలూ, గాజు మీద పడి ప్రతిఫలించిన కాంతికి ఈ గుణం అబ్బుతుందని కనుగొన్నాడు. దీనికి పెట్టిన పేరు కూడా గమనింపదగినదే. తెలుగులో ధ్రువణం అన్నాము. ధ్రువం దానికి మూలం. ఉర్దూలో తక్తీబ్ అంటారు. ధ్రువమని అర్థమిచ్చే ఖుత్బ్ అన్న మాట దానికి మూలం. మన కళాశాలలోని రెండు భాషలూ ఒకే భావాన్ని తమ తమ నుడికారంలో నిలుపుకొన్నాయి.

1815లో బియో అనే మరొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, చక్కెర ద్రావణం గుండా పోయిన ధ్రువిత కాంతి తలం కొంత కోణం తిరుగుతుందని గుర్తించాడు. 26 గ్రాముల శుద్ధమైన చక్కెరను 100 మిల్లీలీటర్ల ద్రావణంగా చేసి 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే, సోడియం దీపపు పసుపు కాంతి తలం సుమారు 34.6 డిగ్రీలు కుడివైపుకు తిరుగుతుంది. చక్కెర పరిశ్రమలో దీనినే 100గా తీసుకొని కొలబద్ద ఏర్పరచుకొన్నారు.

ఇక్కడ ఒక విశేషం కలదు. నరికిన చెరకు గానుగకు పోకుండా ఎండలో నిలవ ఉంటే దానిలోని చక్కెర కొంత విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా మారుతుంది. ఆ రసం నాలుకకు తియ్యగానే ఉంటుంది. కాని ఫ్రక్టోజు కాంతి తలాన్ని ఎడమవైపుకు బలంగా తిప్పుతుంది. అందుచేత రసం తీపి చెడకపోయినా పోల్ పడిపోతుంది. గట్టిపడి స్ఫటికమయ్యే చక్కెర తగ్గినదన్న సంగతి నాలుక చెప్పలేదు. దిశ తెలిసిన వెలుగు చెబుతుంది. పాఠకులు ఈ ఉదాహరణను జ్ఞాపకముంచుకొనవలెను. ప్రోటాను విషయంలో జరిగేది కూడా ఇటువంటిదే.

ఫోటాను, దాని స్పిన్

1905లో ఐన్‌స్టీన్ కాంతిని శక్తి కణికల ప్రవాహంగా భావించవలెనని ప్రతిపాదించాడు. ఆ కణికకే తరువాత ఫోటాను అనే పేరు స్థిరపడినది. సోడియం దీపపు ఒక్కొక్క ఫోటాను శక్తి సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ వోల్టు అనగా, ఒక వోల్టు విద్యుత్ పీడనం దాటిన ఎలక్ట్రానుకు కలిగే శక్తి. అణువుల లోకంలో ఇదే వాడుక కొలత.

మరి కణిక అయినప్పుడు ధ్రువణం ఎక్కడ ఉంటుంది? దీనికి సమాధానం ఫోటాను స్పిన్‌లో ఉన్నది. ప్రతి ఫోటానుకు ఒక ఏకాంకం స్పిన్, అనగా స్వాభావికమైన కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. అది ఫోటాను పోయే దిశను అనుసరించి కుడిచుట్టుగానైనా ఉంటుంది, ఎడమచుట్టుగానైనా ఉంటుంది. ఈ రెండూ సమపాళ్ళలో, ఒక క్రమం ప్రకారం కలిసిన స్థితియే ఒకే తలంలో కంపించే ధ్రువిత కాంతి.

ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించే యత్నంలో మన ప్రాంతపు వాని పేరు ఒకటి చిరస్థాయిగా నిలిచినది. నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం గారు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సర్ సి.వి. రామన్ గారి వద్ద పరిశోధనకు చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ, ద్రవ్యం మీద పడి చెదరిన కాంతి ధ్రువణాన్ని సూక్ష్మంగా పరీక్షించి, ఫోటానుకు స్పిన్ కలదనుటకు సాక్ష్యమని ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ప్రకటించారు. 1936లో బెత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, చుట్టు తిరిగే ధ్రువిత కాంతి సన్నని తీగకు వేలాడదీసిన ఫలకాన్ని మెలిపెట్టగలదని నేరుగా కొలిచి చూపాడు. భగవంతం గారు తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగాను, 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగాను, అటు పిమ్మట బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగాను పనిచేశారు. ఉర్దూ బోధనభాషగా 1918లో వెలసిన విశ్వవిద్యాలయానికి కృష్ణా తీరపు తెలుగు భౌతికశాస్త్రజ్ఞుడు సారథ్యం వహించడం మన విద్యార్థులు తెలిసికొనదగిన సంగతి.

మెసాన్ల సంగతి

పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఇమిడి ఉన్నాయి. ప్రోటాన్లన్నిటికీ ధనావేశమే గనుక అవి ఒకదానినొకటి తోసివేయవలెను. అయినా కేంద్రకం చెదరిపోదు. వాటిని బంధించే బలం ఏది? 1935లో జపాను శాస్త్రజ్ఞుడు యుకావా, ఒక మధ్యస్థ ద్రవ్యరాశి గల కణం వాటి నడుమ ఇచ్చిపుచ్చుకోవడం వలన ఆ బలం పుడుతుందని ఊహించాడు. ఆ జాతి కణానికి కొందరు మెసోట్రాన్ అని పేరు పెట్టగా, ఆ మాటలో నడిమి అక్షరాలు అనవసరమని, మెసాన్ అంటే చాలునని 1939లో వాదించినవాడు మన హోమీ భాభా. ఆ పేరే నిలిచినది. దేవేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి గార్లు హిమాలయ ప్రాంతంలో ఫోటోగ్రాఫు ఫలకాలను ఉంచి, వాటిపై విశ్వకిరణాలలోని మెసాన్ల జాడలను పరిశీలించి 1941, 1942 సంవత్సరాలలో ప్రకటించారు. యుకావా ఊహించిన పయాన్ అనే మెసాన్‌ను 1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం నిశ్చయంగా గుర్తించినది.

పయాన్లు మూడు రకాలు: ధనావేశం కలది, రుణావేశం కలది, ఏ ఆవేశమూ లేనిది. ఆవేశం లేని తటస్థ పయాన్‌ను పట్టుకోవడం కష్టం. అది ఫలకం మీద జాడ విడువదు. పైగా దాని ఆయువు అత్యల్పం. సెకనును కోటి కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ నూరు తునకలు చేస్తే, ఆ ఒక్క తునక పాటి కాలం కూడా అది బ్రతకదు. వెంటనే రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. 1950లో బర్కిలీలో స్టైన్‌బర్గర్, పనోఫ్‌స్కీ, స్టెల్లర్ అనే ముగ్గురు, ఎలక్ట్రాన్ సింక్రోట్రాన్ యంత్రం నుంచి వచ్చిన తీవ్రమైన ఫోటాన్లను లక్ష్యాలపై పంపి, ఒకేసారి జంటగా వెలువడిన రెండు ఫోటాన్లను పట్టుకొని తటస్థ పయాన్ ఉనికిని స్థాపించారు. అనగా వెలుగు నుంచి పుట్టి, వెలుగుగా మారిన మెసాన్ అది.

1964 తరువాత క్వార్కుల సిద్ధాంతం వచ్చింది. దాని ప్రకారం ప్రోటానులో మూడు క్వార్కులు, మెసాన్‌లో ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు ఉంటాయి. వీటిని అంటిపెట్టి ఉంచేవి గ్లూవాన్లు. తేలికైన క్వార్కులతో ఏర్పడిన మెసాన్లే లఘు మెసాన్లు. శక్తి కొలతలో చెప్పితే తటస్థ పయాన్ ద్రవ్యరాశి 13.5 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఈటా మెసాన్‌ది సుమారు 54.8 కోట్లు, రో మెసాన్‌ది 77.5 కోట్లు, ఒమేగా మెసాన్‌ది 78.3 కోట్లు. పోల్చి చూచుకొనుటకు ప్రోటాను ద్రవ్యరాశి 93.8 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు.

ఫోటాను మెసాన్‌గా మారుట

శక్తి ద్రవ్యంగా మారగలదన్న సూత్రం విద్యార్థులకు తెలిసినదే. నిలిచి ఉన్న ప్రోటానును ఫోటాను తాకి తటస్థ పయాన్‌ను పుట్టించవలెనంటే ఆ ఫోటానుకు కనీసం 14.5 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండవలెను. పయాన్ ద్రవ్యరాశి 13.5 కోట్లే అయినా పైన ఒక కోటి ఎందుకు? తాకిన దెబ్బకు ప్రోటాను వెనుకకు జరుగుతుంది. ఆ చలనానికి అయ్యే ఖర్చు అది.

శక్తి ఇంకా హెచ్చినప్పుడు, అనగా వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో, ఒక ఆసక్తికరమైన ప్రశ్న ఉదయిస్తుంది. ఫోటాను తాను పోతూ ప్రోటానుతో ఏదో ఒకటి ఇచ్చిపుచ్చుకొని మెసాన్‌గా మారి ముందుకు సాగిపోతుంది. ఆ ఇచ్చిపుచ్చుకొన్నది ఏమిటి? రో, ఒమేగా వంటి సదిశ మెసాన్లా? లేక బి-1, హెచ్-1 అనే అక్షసదిశ మెసాన్లా? ఆ మారకం ఎంత త్వరగా జరిగిపోతుందంటే దానిని ఏ పరికరమూ నేరుగా చూడలేదు. పుట్టిన పయాన్లను లెక్కపెట్టినంత మాత్రాన ఈ భేదం తేలదు. ఏ దారిన పుట్టినా పయాన్ పయానే. నిలవ చెరకు రసం తియ్యగానే ఉన్నట్లు, సంఖ్య మాత్రమే చూచేవానికి రెండు దారులూ ఒకటిగానే కనబడతాయి.

ఇక్కడే ధ్రువణం అక్కరకు వస్తుంది. సిద్ధాంతం చెప్పేది ఇది: సదిశ మెసాన్ మారకం జరిగితే, పయాన్ ఫోటాను కంపించే తలానికి లంబంగా ఉన్న వైపుకే ఎగురుతుంది. అక్షసదిశ మెసాన్ మారకం జరిగితే, కంపించే తలం వెంటనే ఎగురుతుంది. ఫోటాను అడ్డంగా కంపిస్తున్నదని మనకు ముందే తెలిసి ఉంటే, పయాన్లు పైకి కిందికి ఎక్కువగా పోతున్నవా, పక్కలకు ఎక్కువగా పోతున్నవా అని చూస్తే చాలును. దీనిని కొలిచే సంఖ్యకు పుంజ అసౌష్ఠవమని పేరు. సిగ్మా అనే గ్రీకు అక్షరంతో సూచిస్తారు. మొదటి విధమే పూర్తిగా జరిగితే దాని విలువ 1. రెండవ విధమే జరిగితే మైనస్ 1. రెండూ సరిసమానమైతే సున్న.

వజ్రపు రేకు

మరి అంతటి శక్తి గల ఫోటాన్లను ఒకే తలంలో కంపించేటట్లు చేయడం ఎట్లా? చక్కెర ప్రయోగశాలలో వాడే పట్టకం గాని, పోలరాయిడ్ పలక గాని ఇక్కడ పనికిరాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ పట్టణాన ఉన్న జెఫర్సన్ ప్రయోగశాలలో ఇందుకు వజ్రాన్ని వాడారు.

అక్కడి త్వరణ యంత్రం ఎలక్ట్రాన్లను 1,200 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా వేగపరుస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను సుమారు 50 మైక్రాన్ల మందం గల వజ్రపు రేకు గుండా పంపుతారు. ఒక మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. రేకులోని పరమాణువుల సమీపంలో ఎలక్ట్రాను కొంత వేగం కోల్పోయి, కోల్పోయిన శక్తిని ఫోటానుగా వదలుతుంది. మామూలు లోహపు రేకు అయితే ఈ ఫోటాన్లు అన్ని దిశలలోను కంపిస్తాయి. స్ఫటికంలో అట్లా కాదు.

వరుసగా నాటిన వరిచేను గట్టు మీద నడిచేవారు ఒక వింతను గమనించి ఉంటారు. చాలా చోట్ల నుంచి చూస్తే చేను అంతా ఒకటే పచ్చదనం. ఒకానొక చోట నిలిచి చూస్తే మాత్రం వరుసలన్నీ విప్పుకొని నడుమ దారులు కనబడతాయి. వజ్ర స్ఫటికంలో కార్బన్ పరమాణువులు ఇటువంటి వరుసలలోనే ఉన్నాయి. స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ల దారికి సరియైన కోణంలో నిలిపితే, ఒక వరుసలోని పరమాణువులన్నీ ఒక్కుమ్మడిగా ఆ దెబ్బను భరిస్తాయి. అప్పుడు వెలువడే ఫోటాన్లలో ఒక నియమిత శక్తి వద్ద పెద్ద ముమ్మరం ఏర్పడుతుంది. వాటి కంపనం కూడా స్ఫటికపు వరుసలను బట్టి ఒకే తలంలో ఉంటుంది. ఈ సూత్రాన్ని 1950 దశకంలో యూబరాల్ మొదలైనవారు గణించగా, 1960 ప్రాంతంలో ఇటలీలోని ఫ్రాస్కాటీలో ప్రయోగంతో చూపారు. జెఫర్సన్ ప్రయోగశాలలో ఈ ముమ్మరం సుమారు 900 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఏర్పడేటట్లు అమర్చారు. అనగా అక్కడి ఒక్కొక్క ఫోటాను సోడియం దీపపు ఫోటాను కంటే 400 కోట్ల రెట్లకు పైగా శక్తివంతమైనది.

వజ్రం దాటిన ఎలక్ట్రాన్లను అయస్కాంతం పక్కకు వంచుతుంది. ఎంత వంగినదో చూస్తే దానికి మిగిలిన శక్తి తెలుస్తుంది; మొదటి శక్తిలోనుంచి దీనిని తీసివేస్తే ఫోటాను శక్తి తేలుతుంది. ఫోటాన్లు తిన్నగా సుమారు 75 మీటర్లు సాగి, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రం గుండా దూరి, 30 సెంటీమీటర్ల పొడవు గల ద్రవ హైడ్రోజన్ పాత్రను చేరుతాయి. హైడ్రోజన్ కేంద్రకం ఒంటి ప్రోటానే గదా! ఆ పాత్రను చుట్టి ఒక పెద్ద అతివాహక అయస్కాంతం, దాని లోపల అనేక శోధక పరికరాలు ఉన్నాయి. తటస్థ పయాన్ విడిపోయి వచ్చే రెండు ఫోటాన్లను సీసపు గాజు దిమ్మెలు మొదలైనవి పట్టుకొంటాయి. ఈ ప్రయోగం పేరు గ్లూఎక్స్.

తక్కెడ తట్టలు మార్చుట

పుంజంలోని ఫోటాన్లన్నీ ధ్రువితాలు కావు. ముమ్మరం ఉన్న చోట కూడా ధ్రువణం నూటికి 35 నుంచి 40 వరకు మాత్రమే. ఒక లెక్కను ఉదాహరణగా చూద్దాము. ధ్రువణం నూటికి 40 అనుకొందాము. సగటున ఒక్కొక్క దిశకు 100 పయాన్లు పోవలసి ఉన్నదనుకొందాము. సిగ్మా విలువ 1 అయితే కంపించే తలం వెంట 60, దానికి లంబంగా 140 పయాన్లు పోతాయి. సిగ్మా సున్న అయితే రెండు వైపులా 100 చొప్పున పోతాయి. మైనస్ 1 అయితే 140, 60 అని తలక్రిందులవుతుంది. కాబట్టి ఎంత ధ్రువణం ఉన్నదో ముందుగా కచ్చితంగా తెలియనిదే సిగ్మా తెలియదు. అందుకని పుంజం దారిలో పలుచని బెరీలియం రేకును ఉంచి, అక్కడ ఎగిరే ఎలక్ట్రాన్ల దిశలను బట్టి ధ్రువణాన్ని వేరుగా కొలుస్తారు.

ఇంకొక చిక్కు కలదు. శోధక పరికరాలు ఒక వైపు చురుకుగాను, మరొక వైపు మందంగాను ఉండవచ్చును. అప్పుడు 60, 140 అన్న భేదం ప్రకృతిదో, పరికరం లోపమో ఎట్లా తెలుస్తుంది? దీనికి మన అంగడివారు ఎరిగిన ఉపాయమే ఉన్నది. తక్కెడ మీద అనుమానం కలిగితే సరుకును, రాళ్ళను తట్టలు మార్చి మళ్ళీ తూస్తారు. రెండు తూకాలు సరిచూస్తే తక్కెడ దోషం బయటపడిపోతుంది. గ్లూఎక్స్‌లో వజ్రాన్ని తిప్పి కంపన తలాన్ని ఒకమారు అడ్డంగాను, ఒకమారు నిలువుగాను, మరల 45 డిగ్రీల వాలుకు ఇటూ అటూ కూడా ఉంచి కొలిచారు. పరికరం దోషం ఉన్న చోటనే ఉంటుంది. ప్రకృతి నియమం కంపన తలంతో పాటు తిరుగుతుంది. ఈ విధంగా నిజాన్ని, లోపాన్ని వేరుచేయగలిగారు.

తేలిన ఫలితం

2016 వసంతంలో సేకరించిన కొలతలతో గ్లూఎక్స్ బృందం తన మొదటి పత్రాన్ని 2017లో ప్రకటించినది. అది తటస్థ పయాన్, ఈటా మెసాన్ల పుంజ అసౌష్ఠవాన్ని గూర్చినదే. పయాన్ విషయంలో అంతకు ముందరి కొలతల కంటే ఇవి సూక్ష్మమైనవి. ఈటా విషయంలో ఈ శక్తి స్థాయిలో ఇవే మొదటివి. సిగ్మా విలువ 1కి చేరువగా వచ్చినది. అనగా ఈ శక్తి వద్ద ఫోటాను పయాన్‌గా మారేటప్పుడు ప్రోటానుతో ఇచ్చిపుచ్చుకొనేది ప్రధానంగా రో, ఒమేగా వంటి సదిశ మెసాన్లనే అని, అక్షసదిశ మెసాన్ల పాలు స్వల్పమని తేలినది.

రో మెసాన్ కథ వేరు. అది ఫోటాను వలెనే ఒక ఏకాంకం స్పిన్ గలది. 1970లో స్టాన్‌ఫర్డ్ త్వరణ కేంద్రంలో లేజరు కాంతిని వేగవంతమైన ఎలక్ట్రాన్లకు ఎదురు పంపి, వెనుకకు చెదరి శక్తి పుంజుకొన్న ధ్రువిత ఫోటాన్లను హైడ్రోజన్ బుడగల పాత్రలోనికి విడిచారు. పుట్టిన రో మెసాన్ ధన, రుణ పయాన్లుగా విడిపోయినప్పుడు, ఆ జంట మూల ఫోటాను కంపించిన తలం వైపే మొగ్గు చూపినది. ఫోటాను తన స్పిన్ స్థితిని రో మెసాన్‌కు భద్రంగా అప్పగించినదని దీని భావం.

ఇంత శ్రమ దేనికి?

పయాన్ ఎటు ఎగిరితే మనకేమి అని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ప్రోటానులోని మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశిని కూడితే ప్రోటాను ద్రవ్యరాశిలో అది నూటికి సుమారు ఒకటి మాత్రమే. తక్కినదంతా క్వార్కుల చలనం నుంచి, వాటిని బంధించే గ్లూవాన్ల శక్తి నుంచి వచ్చినది. మన దేహం బరువు, చెరకు గడ బరువు, కృష్ణా బరాజు రాతి బరువు కూడా ఈ అదృశ్య బంధం చలువే. ఆ బంధం స్వభావాన్ని నేరుగా చూచే ఉపాయం లేదు, ఒంటరి గ్లూవాన్ బయటికి రాదు గనుక.

అయితే మెసాన్‌లోని గ్లూవాన్ బంధం తానే కంపించినట్లయితే, క్వార్కు, ప్రతిక్వార్కు జంట ఒక్కదానివల్ల సాధ్యం కాని లక్షణాలు గల మెసాన్లు పుట్టవచ్చునని సిద్ధాంతం చెబుతున్నది. వీటిని సంకర మెసాన్లు అంటారు. పయాన్ పుంజాలతో బ్రూక్‌హేవెన్, సెర్న్ ప్రయోగశాలలలో చేసిన పరిశీలనలలో పై-1 (1600) అనే అట్టి కణపు జాడలు కనిపించాయి. ఫోటాను పుంజాలతో వాటిని వెదకడం గ్లూఎక్స్ ప్రధాన లక్ష్యంగా ఏర్పడినది. పుట్టిన మెసాన్ల గుంపులో సంకర మెసాన్‌ను ఏరవలెనంటే, ఏది ఏ మారకం వలన పుట్టినదో ముందు తెలియవలెను. ఆ ఏరివేతకు చేట వంటిది ధ్రువణం. సాధారణమైన పయాన్, ఈటాల మీద జరిపిన కొలతలు ఆ చేటను సరిచూచుకొన్న తొలి విసురులు.

తుదిపలుకు

మేము విద్యార్థులుగా ఉన్న రోజులలో పోలారిమీటరు ప్రయోగం మా పాఠ్యక్రమంలో ఉండేది. చీకటి గదిలో సోడియం దీపం ముందు కూర్చొని, చక్కెర నీళ్ళు పోసిన గొట్టం గుండా చూచి, రెండు అర్ధభాగాల వెలుగు సమానమైన చోట అంకెను వ్రాసుకొని, రికార్డు పుస్తకంలో సంతకం చేయించుకొనేవారము. ఆ అంకె ఎందుకని మేమూ అడుగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ అంకె పక్క ఊరి రైతు చెరకు గుణాన్ని చెప్పగలదని, అదే సూత్రం మీద ఆగిరిపల్లి బిడ్డ ఫోటాను స్పిన్‌ను విచారించాడని, అదే సూత్రం సముద్రాల కవతల ప్రోటాను గర్భాన్ని పరీక్షించడానికి పనికివచ్చినదని తెలిసి ఉంటే ఆ గంట సేపు మాకు ఎంత విలువైనదై ఉండేదో!

కాబట్టి విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. ఈసారి ఆ గొట్టం గుండా చూచినప్పుడు అంకె వ్రాసుకొని ఊరుకోక, దాని వెనుక ఉన్న ప్రశ్నను కూడా వ్రాసుకొనండి. కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా విన్నవించుకొనేది, ప్రయోగశాలలో పోలారిమీటరు దుమ్ము పట్టకుండ చూడవలెననియు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు ఒకటి చొప్పున అందేటట్లు ఏర్పాటు చేయవలెననియు. అది పెద్ద ఖర్చుతో కూడిన యంత్రం కాదు. కాని దిశ తెలిసిన వెలుగుతో ప్రశ్న అడగడం మన పిల్లలకు మొదట నేర్పేది అదే.